శిష్యుడు అడిగిన ప్రశ్న

1961 నవంబరు, గురువారం రాత్రి

తోలు పడవలో సముద్రం దాటిన ఐర్లండు పునీతునిపై నేను వ్రాస్తున్న నవలలోని ప్రయాణ ఘట్టాన్ని, తప్పులుంటే చెప్పమని, ఈ మధ్యాహ్నం ఒడ్డున జాలరి పోలయ్యకు చదివి వినిపించాను. "స్వామీ, మనం ఎక్కడికి వెళుతున్నాము?" అని శిష్యుడు అడిగే మాటను గొంతెత్తి చదివాను. సరిగ్గా అప్పుడే పోలయ్య కొడుకు తెప్పను నీటిలోకి నెడుతున్నాడు. ఆగి, వెనుదిరిగి చూసి, తెప్ప ఎక్కి వెళ్ళిపోయాడు.

"ఏంది అయ్యోరా! వేటకు పొయ్యేవోడు ఇనేటట్టు ఎక్కడికని అడగతారా? మీ రాత్రిబడికి చదువుకోను వచ్చే మావోళ్ళు ఇది చెప్పలేదా?" అన్నాడు పోలయ్య.

పట్టభద్రుణ్ణి, ఇటువంటివి నమ్మనని బదులిచ్చాను.

దీపాల వేళకు రావలసిన తెప్ప ఇంకా రాలేదు. గాలి హెచ్చుతోంది. ఆ వాక్యాన్ని మూడుసార్లు కొట్టివేశాను. సిరా కింద ఇంకా కనబడుతూనే ఉంది.