గోడ ఇచ్చిన బర్రె

అవ్వా,

నువ్వున్నప్పుడే నీకు చదువు రాదు. అయినా రాస్తున్నాను. నువ్వు పోయినప్పటి నుంచి ఖాళీగా ఉన్న కొట్టంలోకి నిన్న బర్రెను తెచ్చాను.

మన గౌలిపురలో ఎవరైనా చేబదులుకు వస్తే, నువ్వు పైసలిచ్చేటప్పుడు వాళ్ల మొహం చూసేదానివి కాదు. వాళ్లు సిగ్గుపడకూడదని గోడ వైపు తిరిగి చెయ్యి చాపేదానివి. "గోడ ఇస్తది, తీస్కపో బిడ్డా" అనేదానివి.

నాకు అట్లా ఎవరిస్తారు? బడి మానేశాను, ఏ పనిలోనూ నిలవను. చాయ్ దుకాణం సత్తార్ భాయే దారి చూపాడు.

"అరే, ఒక కంపెనీ ఉన్నది. ఎవరెవరో తలా కొంచెం కలిపి అప్పిస్తరు. మొదట్ల దొంగ కంపెనీ అనుకున్న. గిప్పుడు దానికి మంచి కంపెనీ అని ఇనాం గూడ వచ్చిందంట. మా అల్లుడే అట్ల అప్పిచ్చెటోళ్లల్ల కలిసి పైసలు పెడ్తుండు."

"నన్నెవరు నమ్ముతరు భాయ్?"

"నీ మొహం చూస్తే నేను గూడ నమ్మ. అడిగి చూడు!"

ఫోన్లోనే ఆ కంపెనీకి అర్జీ పెట్టాను. అప్పు ఎందుకు అన్నచోట, మా అవ్వ కొట్టంలో మళ్లీ బర్రెను కట్టడానికని రాశాను. చెంబులో పాలు నిండినట్టు, రోజూ కొంచెం కొంచెంగా ఆ అప్పు నిండింది. ఇచ్చినవాళ్ల పేర్లు గానీ మొహాలు గానీ నాకు చూపించరట.

ఈ పొద్దున మొదటిసారి పాలు పిండాను. నురుగు మీద ఎండ పడి కొట్టమంతా కలలో లాగా వెలిగింది. అప్పిచ్చినవాళ్ల మొహాలే తెలియవు కదా, ఎవరికి చెప్పుకోను? వెచ్చటి చెంబు పట్టుకునే నీ గోడ వైపు తిరిగి, ఒక్క కిస్తీ కూడా తప్పనని దానికే మాటిచ్చాను.