మీటింగయ్యాక ఏడుద్దామని

బుధవారం, పాడేరు

మీటింగ్ మధ్యలో చిన్ని వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. ల్యాప్‌టాప్‌లో నేను మైక్ ఆపి, దాని గుర్తు ఎర్రబడితేనే మాట్లాడాలని నేనే నేర్పాను. ఐదేళ్ల గుంట, అలాగే నిలబడిపోయింది. ఆ మీటింగంతా ఒక షీట్‌లో గడికి ఏ రంగు వెయ్యాలన్న దాని గురించే!

అరగంటకి తిరిగి చూస్తే మోకాలంతా రక్తం. కాఫీ పళ్లు ఆరబోసిన కళ్లంలో జారిపడిందట.

"ఏడవలేదేటే?"

"నీ మీటింగయ్యాక ఏడుద్దామనుకున్నానమ్మా. ఈలోగా ఏడుపు పోనాది."

రాత్రి వైజాగ్ నుంచి ఆయన ఫోన్ చేసి, అంతా బాగుందా అన్నారు. బాగుందన్నాను. వెనక ఎవరో పిలిస్తే బేగి పెట్టేశారు. ఇంకెవరికి చెప్పను?

ఇప్పుడు చిన్ని నిద్రలో వెక్కుతోంది. ఆ ఏడుపు ఎక్కడికీ పోలేదు.