శనివారం పరీక్ష, కాశన్న గుండు

ఎమ్మిగనూరు పక్క పల్లె,
1956 జూలై.

బద్వేలు బడి అయివారు గాబ్రియేలుగారికి మగ్గాల వీధి కాశన్న దండం పెట్టి, పోస్టు శివన్న చేత రాయిస్తాండేది.

ఈడ అందరం బాగుండాము, నా నెత్తి తప్ప. నా బిడ్డ రామేశ్వరమ్మను మీ ఊర్లో మా చెల్లెలు నాగక్క ఇంట్లో పెట్టి మీ బడిలో చేర్పిస్తి. అది పరీక్ష పాసైతే తలనీలాలు ఇస్తానని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటి. శనివారం పరీక్ష పెట్టినామని మీరు కార్డు రాసినారు. 'చదవడం బాగుంది, భాగహారం ఇంకా రాలేదు' అని ఉండాది. పాసు అనీ లేదు, ఫెయిలు అనీ లేదు. బాగుంది అంటే పాసే కదా అని గుడికి పోయి గుండు కొట్టించుకొస్తి. వీధంతా బెల్లం పంచితి. వారం తిరక్కుండా ఇంకో కార్డు! మళ్ళీ పరీక్షంట! ఇదేం బడి సామీ? మొలవని వెంట్రుకలు యాడ నుంచి తెచ్చి దేవునికి ఇయ్యాల?

పాసో, ఫెయిలో, ఎన్ని మార్కులో ఒక్క మాట రాయండి.

ఇట్లు,
కాశన్న (వేలిముద్ర)

తా.క.: చెప్పింది చెప్పినట్లు రాసినాను. ఆయన 'నువ్వు' అన్న చోటల్లా 'మీరు' అని మాత్రం నేనే మార్చినాను. — శివన్న


బద్వేలు,
1956 జూలై.

గౌరవనీయులైన కాశన్నగారికి గాబ్రియేలు నమస్కారాలు.

మీ గుండు సంగతి చదివి చాలా బాధపడ్డాను. శనివారం పరీక్షలో పాసు, ఫెయిలు ఉండవు. మార్కులూ ఉండవు. పిల్లలకు ఏది వచ్చింది, ఏది రాలేదు అని నేను తెలుసుకోవడానికే అది. రానిదాన్ని సోమవారం మళ్ళీ చెబుతాను. పాసు, ఫెయిలు తేల్చే పెద్ద పరీక్ష ఏప్రిల్‌లో ఉంటుంది. ఈమధ్యే శిక్షణకు వెళ్ళి ఈ పద్ధతి నేర్చుకుని వచ్చాను.

మీకు తెలిసిన పనిలోనే చెబుతాను. చీర నేస్తూ మధ్యమధ్య చూసుకుంటారు కదా? పోగు తెగితే అప్పుడే ముడివేస్తారు. అది శనివారం పరీక్ష. నేయడం అయ్యాక షావుకారు చీర మడత విప్పి చూస్తాడే, అది ఏప్రిల్ పరీక్ష. షావుకారు తప్పు పట్టాక ముడివేసి లాభం లేదు కదా.

భవదీయుడు,
గాబ్రియేలు

తా.క.: దయచేసి ఏప్రిల్ దాకా మంగలి దగ్గరకు వెళ్ళకండి.


1956 ఆగస్టు.

అయివారికి కాశన్న రాయించేది.

నా మగ్గంలో పోగు తెగుతుందని మీకు చెప్పినోడు యాడుండాడు? వాన్ని చూపించండి! మా తాతల కాలం నుంచి మా ఇంటి చీర చూసి షావుకారు నోరెత్తింది లేదు. నా బిడ్డ భాగహారానికీ నా పోగుకూ ఏమప్పా సంబంధం?

ఇంకొకటి. రానిది సోమవారం మళ్ళీ చెప్తానంటిరి. అంటే మొదటిసారి సరిగ్గా చెప్పలేదనే కదా? మీరు చెప్పేది సరిగ్గా చెప్పకుండా నా బిడ్డకు పరీక్ష ఎందుకు పెడతాండారు?

ఎదురింటి వెంకటప్ప కొడుక్కు వాళ్ళ బడిలో ఎనభై మార్కులొచ్చినాయని వెంకటప్ప అరుగు మీద కూర్చొని పొద్దస్తమానం చెప్తాండాడు. 'మీ బిడ్డకెన్ని?' అని అడిగితే నేను ఏం చెప్పాల? 'చదవడం బాగుంది' అనాల్నా? నగుతారు. మా ఇంటిది ఉరుకుందమ్మ, బిడ్డ పాసయ్యేదాకా శనివారం ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకున్నాది. మీ పుణ్యాన అది పుల్లలాగ అయిపోయింది.

మార్కులు పంపించండి. లేదంటే దసరాకు బిడ్డను పిల్చుకొచ్చి మగ్గానికి నూలు కండెలు చుట్టేదానికి కూర్చోబెడతా. ఒట్టు.

కాశన్న (వేలిముద్ర)

తా.క.: అయ్యా, ఏదో ఒక అంకె పంపించి పుణ్యం కట్టుకోండి. రెండు తిట్లు రాయకుండా వదిలేసినాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. — శివన్న


బద్వేలు,
1956 సెప్టెంబరు.

కాశన్నగారికి నమస్కారాలు.

మీ పోగుల గురించి రాసినందుకు క్షమించండి. ఇక ఆ ఊసు ఎత్తను.

మీరు అంతగా అడిగారు కాబట్టి నా పద్ధతిని పక్కనపెట్టి ఈసారి మార్కులు వేశాను. వచ్చే వారం నుంచి భిన్నాలు చెప్పబోతున్నాను. చెప్పే ముందే ఎవరికెంత తెలుసో చూడాలని ఒక పరీక్ష పెట్టాను. రామేశ్వరమ్మకు వందకు ఐదు వచ్చాయి. నాకు ఎంతో సంతోషమైంది. 'సగం' అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. అక్కడి నుంచి మొదలుపెడితే చాలు.

పిల్లలు ఒకరి పలకలు ఒకరు దిద్దుకున్నారు. పక్కవాళ్ళ తప్పు కనిపెట్టినప్పుడే తమ తప్పూ తెలుస్తుంది. మీ అమ్మాయి పలకను విశ్వాసమ్మ అనే పిల్ల దిద్దింది. చక్కగా దిద్దింది.

భవదీయుడు,
గాబ్రియేలు

తా.క.: ఈ అంకెను అరుగు మీద చెప్పకుండా ఉంటే మంచిది.


1956 అక్టోబరు.

అయివారికి.

ఐదా! వందకు ఐదా! దానికి సంతోషమా మీకు?

చెప్పని పాఠానికి పరీక్ష పెట్టే బడి ఈ భూమ్మీద ఇంకొకటి ఉండాదా? అన్నం వండకుండా 'ఉప్పు సరిపోయిందా' అని అడిగినట్లుండాది. దిద్దేది విశ్వాసమ్మ అయితే మీరేం చేస్తాండారు? జీతం ఆ పిల్లకే ఇయ్యమని రాయించేదా?

శివన్న కార్డును వీధిలో నిలబడి గట్టిగా సదివినాడు. వెంకటప్ప అరుగు దిగి వచ్చి నన్ను ఓదార్చినాడు. నాకు అంతకంటే అవమానం ఇంకొకటుండాదా!

దసరాకు వచ్చిన బిడ్డను ఇంక పంపించను. అది ఏడుస్తాండాది. ఏడ్చనీ. కండెలకు మార్కులక్కరలేదు.

కాశన్న (వేలిముద్ర)

తా.క.: ఈసారి 'మీరు' అని మార్చేదానికి నాకు చేయి నొప్పి పుట్టింది. — శివన్న


బద్వేలు,
1956 నవంబరు.

కాశన్నగారికి,

ఇది నేను రాస్తున్న నాలుగో బతిమాలింపు. మూడింటికి జవాబు లేదు.

ఎన్నిసార్లని చెప్పనండీ! నాకు ఓపిక నశించింది, అయినా వదలలేను. మీ అమ్మాయి మిగతా పిల్లల్లాగా తెలియనిది దాచుకోదు. చెయ్యెత్తి 'సార్, ఇది నాకు రాలేదు' అంటుంది. అలా అనగలిగే పిల్లకు రానిదంటూ ఉండదు. ఏప్రిల్ పరీక్ష తప్పిందంటే ఏడాది పోతుంది. ఆ తర్వాత మీరు పంపరని నాకు తెలుసు. కోపం నా మీద తీర్చుకోండి. పిల్లను మాత్రం పంపండి.

గాబ్రియేలు

తా.క.: కావాలంటే ఈసారి మీ బదులు నేనే గుండు చేయించుకుందును. కానీ ఈరన్న గుడిలో అంటే మా పాస్టరుగారు ఒప్పుకోరు.


1956 డిసెంబరు.

అయివారికి కాశన్న దండం.

ఇది నేనే రాస్తాండా. పక్కన శివన్న లేడు. వేలిముద్ర లేదు. అందుకే చిన్న ఉత్తరం.

కండెలు చుట్టుకుంటా రామేశ్వరమ్మ అడిగె, 'నాయనా, నీకు ఎన్ని అక్షరాలొచ్చో ముందు చూస్తా' అని. నాకు సున్న ఒకటే వచ్చె. అది చేతులు తట్టి సంతోషపడె. సున్న చుట్టేది వస్తే సగం వచ్చినట్లే, ఆడ నుంచి మొదలుపెడదాం అనె. నాకు మీ కార్డు గుర్తుకొచ్చి ఒళ్ళు మండె.

శనివారం శనివారం పరీక్ష పెట్టె. మార్కులెన్ని అని అడిగితే చెప్పదు. ఇది వచ్చింది, ఇది ఇంకా రాలేదు అంటాది. సోమవారం మళ్ళీ చెప్తాది. ఉరుకుందమ్మకూ పలక ఇచ్చి, దాన్ని నా చేత దిద్దించె. దాని తప్పులు పడితే నా తప్పులు కనపడె. ఇప్పుడు అది కూడా రాస్తాండాది. ఒక్కపొద్దులు మానేసె.

అయివారూ, నాకు మార్కులు వేసింటే రెండో శనివారమే పలక పగలగొట్టిందును. శానా సిగ్గుపడితి.

బిడ్డను సోమవారం బస్సు ఎక్కిస్తా. దసరా నుంచి పోయిన పాఠాలు మీరే చెప్పుకోవాల. ముందు ఎంత తెలుసో చూసి చెప్పండి.

ఈ ఉత్తరంలో యాడ తప్పుందో గీసి పంపించండి. మార్కులు వద్దు.

కాశన్న

తా.క.: పోగు తెగేది నిజమే. వెంకటప్పకు తెలియనీయొద్దు.

ఇంకో తా.క.: వెంట్రుకలు బాగా పెరిగినాయి. ఏప్రిల్ దాకా ముట్టను. ఇందులో 'మీరు' అని ఉన్న చోటల్లా నేనే రాసినా. ఎవురూ మార్చలేదు.