ఇంటికి వెళ్లి చెప్పే కోచ్

బిల్బావో,
ఆదివారం

అవ్వకు, బాపుకు మీ పెద్దబిడ్డ సరోజన రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది, ఏమీ ఫికరు పెట్టుకోకండి. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను చెప్పినట్టు వేడి ఇసుక కాపడం పెడుతున్నదా? చిన్నబాపు, చిన్నమ్మ, పిల్లలు అందరూ కులాసానా? పత్తికి ఈసారి పురుగు పట్టలేదు కదా?

చెల్లె విజయా, ఇది బాపుకు చదివి వినిపించేది నువ్వే. కింద ఒక మాట నీకు నచ్చదు. దాన్ని దాటేయకుండా ఉన్నది ఉన్నట్టు చదువు.

బాపూ, నర్సు పరీక్ష పాసయ్యానని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. రాసే పరీక్ష పాసయ్యాను. నోటితో చెప్పే పరీక్షలో తప్పాను. మన దగ్గర చేసిన ట్రైనింగ్ ఇక్కడ చెల్లాలంటే రెండూ పాస్ కావాలి. రెండోసారి కూడా తప్పితే నర్సుగా పెట్టుకోరు, ఇంటికి పంపిస్తారు. విజయను బడి మాన్పించమని చిన్నబాపు పోరుపెడుతున్నాడని, పెద్దబిడ్డ పరీక్ష సంగతి తెలిసినాక చూద్దామని నువ్వు అన్నావని తెలిసింది. అందుకే పాసయ్యానని రాశాను. తప్పు చేశాను.

ఎలా తప్పానో కూడా చెప్పాలి. పరీక్ష చేసేది ముగ్గురు పెద్ద డాక్టర్లు. లోపలికి పోగానే కూర్చోమన్నారు. అంత పెద్దవాళ్ల ముందు ఎలా కూర్చుంటాను? నిలబడే ఉన్నాను. మళ్లీ అన్నారు. మర్యాదకు అంటున్నారనుకుని తల వంచుకున్నాను. మూడోసారి చేత్తో కుర్చీ చూపించారు. అయినా కదలలేదు. అడిగినవన్నీ నాకు తెలిసినవే. నేల చూస్తూ, మెల్లగా అన్నిటికీ జవాబు చెప్పాను. ‘భాష అర్థం కావడం లేదు’ అని కాగితం మీద రాసి పంపారు. కూర్చోమన్న మాటే తెలియని పిల్లకు రోగి బాధ ఏం తెలుస్తుంది అనుకున్నారట.

ఇక్కడి సంగతులు చెప్తాను. వాన మన వానలా కొట్టి పోదు. జల్లెడ పట్టినట్టు సన్నగా రోజంతా పడుతూనే ఉంటుంది. ఉతికిన చీర మూడు రోజులకు గాని ఆరదు. ఏటి పొడవునా ఇనుము కరిగించే కార్ఖానాలు, పొగ. తిండి చిక్కుడుగింజలు, ఎండుచేప, రొట్టె. ఊళ్లలో కిటికీలకు ఎర్ర మిరపకాయలు దండలు కట్టి వేలాడదీస్తారు. చూసి ప్రాణం లేచి వచ్చింది. ఒకటి అడిగి కొరికాను, తియ్యగా ఉంది. ఆ రోజు మాత్రం ఇల్లు చాలా గుర్తుకొచ్చింది. మన మిషన్ దవాఖాన సిస్టర్ వేసవిలో ఇక్కడికి వస్తున్నది. ఆమె చేతికి జర కారంపొడి పంపండి.

రెండు నెలల కింద మా వార్డుకు ఒక పెద్దాయన వచ్చాడు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడు, తర్వాత ముప్పై ఏళ్లు కోచ్‌గా చేశాడు. ఇక్కడ కోచ్‌ను అందరూ ‘మిస్టర్’ అంటారు. రోజూ ఆయనను వరండాలో నడిపించే పని నాది. ‘ఈ పిల్ల నన్ను బండికి కట్టిన ఎద్దు లెక్క తోల్తాంది’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆయన మాటలు నాకు మన మాటల్లోనే గుర్తుంటాయి, అలాగే రాస్తున్నాను.

నువ్వు నర్సంపేట మార్కెట్‌లో అందరికీ జిలేబీ పంచావని విజయ రాసిన ఉత్తరం వచ్చిన రోజు ఆయన పక్క సర్దుతూ ఏడ్చాను. ఏమైందని అడిగాడు. దాచలేక అంతా చెప్పాను. నిలబడి ఉన్న సంగతి వినగానే మంచం ఊగేటట్టు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, “మీ నాయనకు చెప్పినవా?” అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు తన సంగతి చెప్పాడు.

ఆయన తండ్రి ఇనుము కార్ఖానాలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఇక్కడ ఒక పెద్ద జట్టు ఉంది. ఈ నేల మీద పెరిగినవాళ్లనే తీసుకుంటుంది, బయటివాళ్లను తీసుకోదు. అందుకే ఒక ఇంటి పిల్లవాడు అందులో చేరితే వీధి మొత్తానికి సర్కారు నౌకరీ వచ్చినట్టు సంబరం. పంతొమ్మిదో ఏట ఈయన చేరాడు. రెండేళ్లకు ఒక పొద్దున జట్టు గది తలుపుకు అంటించిన ఆటగాళ్ల పేర్ల కాగితంలో తన పేరు లేదు. ఎవరూ పిలిచి చెప్పలేదు. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. నెల రోజులు రోజూ పొద్దున బూట్ల సంచి భుజానికి వేసుకుని, ఆటకు పోతున్నట్టే బయలుదేరి, ఏటి గట్టున కూర్చుని తిరిగి వచ్చేవాడు. ఆఖరికి తండ్రికి తోటి పనివాళ్ల నోట తెలిసింది. తండ్రి కొట్టలేదు. “ఆట పోతే పోయిందిరా. కొలిమి కాడ అందరికీ తెలిసినంక నాకు తెల్వాల్నా?” అన్నాడట.

తర్వాత చిన్న చిన్న ఊళ్ల జట్లలో ఆడాడు. మోకాలు విరిగాక కార్ఖానా కూలీల జట్టుకు ఆట నేర్పాడు. అడుగున ఉన్న ఒక జట్టును పై వరుసకు తెచ్చాడు. ఆ జట్టే పోటీల నడిమధ్యలో తనను తీసేస్తే ఆ వార్త రేడియోలో విన్నాడు. మళ్లీ చిన్న జట్టుకే వచ్చాడు. అన్నేళ్లలో ఏనాడూ తలుపుకు కాగితం అంటించలేదు. ఎవరిని పక్కన పెట్టినా తానే వాళ్ల ఇంటికి పోయి, తల్లిదండ్రుల ముందు కూర్చుని చెప్పేవాడు. కొందరు తలుపు వేశారు. ఒక తల్లి కడుపు నిండా అన్నం పెట్టి, “ఇప్పుడు చెప్త విను, నీకు ఆట తెల్వది” అన్నదట.

“మీ ఇల్లు ఎంత దూరం?” అని అడిగాడు. విమానం దిగి రైలెక్కితే కాజీపేట, హనుమకొండలో నర్సంపేట బస్సు, ఆ మీద నడక అని చెప్పాను. కట్టు కట్టిన తుంటి వంక చూసుకుని, “గంత దూరం నాతోని కాదు. నువ్వే రాయి” అన్నాడు.

“పాసైనంక రాస్త,” అన్నాను.

“పాసైనంక చెప్పుడు సులువు. అది గొప్ప చెప్పుకునుడు అయితది.”

ఆ రోజు నుంచి నడక అయ్యాక తన ఎదురుగా కుర్చీ వేయించేవాడు. “ముందు కూసో, కూసున్నంకనే మాట,” అనేవాడు. కుర్చీ అంచున కూర్చుని, ఆయన దగ్గితే లేచి నిలబడేదాన్ని. “నేనింక సావలే, కూసో,” అనేవాడు. నెల రోజులకు ఆయన కళ్లలోకి చూసి మాట్లాడటం వచ్చింది. పోయిన వారం కర్ర పట్టుకుని తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి పోయాడు.

మొన్న శుక్రవారం మళ్లీ పరీక్ష అయింది. అనగానే కూర్చున్నాను. తల దించలేదు. ఫలితం వచ్చే శుక్రవారం చెప్తారు.

బాపూ, పత్తి ఏరే రోజుల్లో అందరూ ఆడపిల్లలను చేనుకు తీసుకుపోతే, నువ్వు నన్ను సైకిల్ మీద బడి దగ్గర దింపి చేనుకు పోయేవాడివి. నీకు అక్షరం రాకపోయినా నా పుస్తకం తెరిచి పట్టుకుని, నేను చదివితే వినేవాడివి. నీ రుణం తీరేది కాదు. అలాంటి నిన్ను నలుగురిలో అబద్ధం చెప్పేటట్టు చేశాను, క్షమించు. ఒక్కటే అడుగుతున్నాను. నేను తప్పింది చదువు రాక కాదు, కూర్చోవడం రాక. నా ఫలితం ఏదైనా విజయను బడి మాన్పించవద్దు. చిన్నబాపుకు కూడా ఈ మాట నేను అడిగానని చెప్పు.

ఈ ఉత్తరం మీకు చేరేసరికి ఇక్కడ సంగతి తేలిపోయి ఉంటుంది. శుక్రవారం దాకా ఆగుదామని మనసు పీకుతున్నది. అందుకే ఈ పూటే పోస్టు డబ్బాలో వేస్తున్నాను. రాసేటప్పటికి పాసో ఫెయిలో నాకు తెలియదు.

బాపూ, అవ్వా నువ్వూ నా తల మీద చెయ్యి పెట్టినట్టు తలుచుకుని దీవించండి. చిన్నబాపుకు, చిన్నమ్మకు, వాడకట్టులోని పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు.

మీ బిడ్డ
సరోజన