హల్వా డబ్బా మీద వెబ్‌సైటు పేరు

మంగళవారం

ఈ రోజు నా మీద నాకే రోత పుట్టింది. మాడుగులలో హల్వా కొట్టు నడిపే అప్పారావుగారు బస్సెక్కి, వెబ్‌సైట్లు చేసిపెట్టే మా ఆఫీసుకి వచ్చారు. ఆయన డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, గడువు దాటిపోయి, ఆ పేరు ఇంకెవరో కొనేసుకున్నారు. ఇప్పుడు అది కొడితే పేకాట సైటు తెరుచుకుంటోంది.

"మా నాన్న పేరు బాబూ అది. ఒక్క ముక్క సెప్పుంటే ఆ రోజే వచ్చేద్దును కదా," అన్నారు.

మా ఓనరు కుర్చీలోంచి కదల్లేదు. "నాలుగు మెయిళ్లు పంపించేం. సూసుకోపోతే మేమేటి సేస్తాం?" అని నా వైపు తిరిగాడు. "పంపించేం కదా?"

పంపించేం అన్నాను.

అది నిజమే. ఆయనకి మెయిల్ లేదంటే, రిజిస్టర్ చేసిన రోజు ఆయన పేరుతో ఒకటి నేనే తెరిచాను. కస్టమర్లందరికీ అలాగే చేస్తాం. దాని పాస్‌వర్డ్ మా ఆఫీసు గోడకి అంటించిన కాగితం మీదే ఉంది, ఆయనకి ఎవరూ చెప్పలేదు. చూడాల్సింది నేనే. ఆ నాలుగు మెయిళ్లూ ఇవాళే మొదటిసారి తెరిచాను.

"మాదే తప్పు బాబూ, మాకవన్నీ సూడ్డం రాదు," అని ఆయన వెళ్తూ వెళ్తూ నా చేతిలో హల్వా డబ్బా పెట్టారు.

డబ్బా ఇంకా విప్పలేదు. మూత మీద వాళ్ల నాన్నగారి ఫొటో ఉంది. ఆ ఫొటో కిందే వెబ్‌సైటు పేరు, పెద్ద అక్షరాల్లో.