అందరూ చదవాల్సిన కార్డు

బందరు,
బుధవారం

సౌభాగ్యవతి నాంచారమ్మకు,

నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు. ఇల్లూ పొలమూ నీ పేరనే వీలునామా రాయించాను. రేపు రిజిస్ట్రీ. కానీ గుడివాడలో మా అన్న కొడుకు పూర్ణచంద్రరావు అప్పుడే కోర్టు మాట ఎత్తుతున్నాడట. నువ్వు నా వంటమనిషివట, మనకు పెళ్లే కాలేదట. కన్నతండ్రి మంచాన పడితే తొంగిచూడని వాడికి నా పొలం మీద ఎంత ప్రేమో!

ప్లీడరు అడిగాడు: “ఆవిడ మీకేమవుతారని ఊళ్లో అనుకుంటారండీ?”

“మేష్టారి తాలూకు అంటారు” అన్నాను.

“అదేనండీ చిక్కు. వీలునామా చెల్లదని వాళ్లు దావా వేస్తే, మీరు ఇన్నేళ్లూ భార్యాభర్తలుగానే బతికారని ఊరు చెప్పాలి.”

అందుకే కవరు కొనకుండా కార్డు రాస్తున్నాను. పోస్టాఫీసులో సగం మంది ముందే చదివేస్తారు. చదవనీ. తర్వాత పోస్టుమాన్ దానియేలు ఎప్పట్లాగే మన అరుగు మీద కూర్చుని నీకు గట్టిగా చదివిపెడతాడు.

గేదె ఈనిందా? మోకాలికి తైలం రాసుకుంటున్నావా? ఇక్కడ లాడ్జిలో నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు నన్ను తిట్టుకుంటూ తలుపు గడియ వేసే చప్పుడు వినకపోతే రోజు ముగిసినట్టే ఉండదు. ఇన్ని పుస్తకాలు చదివాను, ఈ సంగతి ఎవరూ రాయలేదు.

శుక్రవారం బస్సుకు వస్తాను. ఆశీస్సులు.

దానియేలూ, కింద నా పేరుకు ముందున్న మాట రెండుసార్లు చదువు. పక్కింటికి వినపడాలి.

నీ భర్త,
శోభనాద్రి