నాకు వచ్చింది కామెర్లు కాదు

అమ్మా, అన్నం హాట్‌బాక్సులో ఉంది. మందులు తిన్నాకే వేసుకో.

పొద్దున పక్కింటి పిన్ని, "కామెర్లు పూర్తిగా తగ్గాయా తల్లీ?" అని అడిగింది. రెండు నెలలు నేను ఆసుపత్రిలో ఉన్నది కామెర్లకని చెప్పావట! ఒళ్లు మండిపోయింది. "కామెర్లు కాదు పిన్నీ, తాగుడు. మానేసి నూట ఆరు రోజులైంది" అని మొహం మీదే చెప్పేశాను. ఆవిడ అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "మా తమ్ముణ్ణి కూడా అక్కడ చేర్చుకుంటారా?" అంది.

నువ్వు సిగ్గుపడి దాచిన రోజుల్ని నేను పంటిబిగువున ఒక్కొక్కటిగా నెగ్గుకొచ్చాను. ఇంకెప్పుడూ నా గురించి అబద్ధం చెప్పకు.

బైండింగు షాపుకి ఆలస్యమైంది, వెళ్తున్నా.

ఇంకోమాట: సాయంత్రం ఆవిడ తమ్ముణ్ణి అక్కడికి తీసుకెళ్తున్నాను. నువ్వూ రా. ఆ గేటు మళ్లీ చూడాలంటే నాకింకా భయమే.